ఏటి ఒడ్డున రాళ్లు వెయ్యడానికి చేపతో ఏం పని? - మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువభాగం కాలిఫోర్నియాలో శాక్రమెంటో చుట్టుపక్కల ఉండే మనవాళ్ల నించే వచ్చాయి, అన్నిట్లోనూ ఇంచుమించు ఒకటే బాధ, ఒడ్డు కోతకి పోతోంది, రాళ్లు వేద్దామంటే పర్మిట్ అంటారు, పర్మిట్‌కి వెళ్తే చేపలంటారు అని. నేను చాలా ఏళ్లుగా ఈ పర్మిట్ కాగితాల మధ్యే పని చేస్తున్నా కాబట్టి ఈసారి కాలమ్ మొత్తం దీనికే ఇచ్చేస్తున్నా.

ప్రశ్న: చికో దగ్గర శాక్రమెంటో నది పక్కనే మాకు వాల్‌నట్ తోట ఉంది. రెండు చలికాలాల నించి ఒడ్డు కోసుకుపోయి ఒక వరస చెట్లు నీళ్లలోకి పోయాయి. ఒక కాంట్రాక్టర్ "రెండు వీకెండ్లలో లారీలతో రాళ్లు దింపేస్తా, చిన్న పనికి పర్మిట్ అక్కర్లేదు" అంటున్నాడు. మా సొంత స్థలమే కదండీ, చేయించేయొచ్చా? - ఒక పాఠకుడు, చికో

వద్దండీ, దయచేసి ఆ లారీలు రానివ్వకండి. కళ్ల ముందే చెట్లు నీళ్లలో పడిపోతుంటే ఎంత కడుపు తరుక్కుపోతుందో నాకు తెలుసు, కానీ ఆ కాంట్రాక్టర్ చెప్పింది సగం నిజం, ఆ సగం నిజంతోనే జనం ఇరుక్కుంటున్నారు.

స్థలం మీదే, కాదనట్లేదు. కానీ ఒడ్డు మీద ఏటా నీళ్లు వచ్చి తగిలే గీత ఒకటి ఉంటుంది చూశారా, మట్టి రంగు మారి, కొట్టుకొచ్చిన చెత్త ఆగి, గడ్డి ఆగిపోయే చోటు, ఆ గీత కింద రాయి వేస్తే 1972 నాటి క్లీన్ వాటర్ యాక్ట్ 404 సెక్షన్ కిందకి వస్తుంది, పడవలు తిరిగే నది కాబట్టి 1899 నాటి పాత చట్టం 10వ సెక్షన్ కూడా తగులుతుంది, రెండూ ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజినీర్స్ (కోర్ అని పిలిచే ఫెడరల్ సంస్థ) చేతిలోనే ఉన్నాయి. మీ కాంట్రాక్టర్ ఎక్కడో విన్నది నేషన్‌వైడ్ పర్మిట్ 13 గురించి అయ్యుంటుంది. అది ఒడ్డు కోత పనుల కోసమే ముందుగా ఇచ్చేసి పెట్టిన పర్మిట్, 500 అడుగుల పొడవు లోపల, అడుగుకి సగటున ఒక క్యూబిక్ గజం లోపు రాయి అయితే చాలా చోట్ల విడిగా దరఖాస్తు లేకుండానే పని మొదలెట్టొచ్చు. అక్కడిదాకా ఆయన చెప్పింది కరెక్టే. కానీ దానికో షరతు ఉంది, ప్రమాదంలో ఉన్న జీవుల చట్టం (ఎన్‌డేంజర్డ్ స్పీషీస్ యాక్ట్) లిస్టులో ఉన్నది ఏదైనా ఆ పని వల్ల ప్రభావితం అయ్యే అవకాశం ఉంటే ముందే కోర్‌కి నోటిఫికేషన్ ఇవ్వాలి, వాళ్లు సరే అని రాసేదాకా పార కూడా దించకూడదు. మీ తోట ముందు పారే నీళ్లలో వింటర్-రన్ చినూక్, స్ప్రింగ్-రన్ చినూక్ (ఏ కాలంలో ఏరెక్కుతాయో ఆ పేరుతో పిలిచే శామన్ చేపలు), స్టీల్‌హెడ్, గ్రీన్ స్టర్జన్ అనే చేపలు నాలుగూ తిరుగుతాయి, నాలుగూ ఆ లిస్టులో ఉన్నవే. అంటే మీ పని ఎంత చిన్నదైనా సరే, ఆ నదిలో నోటిఫికేషన్ లేకుండా కుదరదు. పర్మిట్ లేకుండా చేసి అలాంటి చేపకి హాని జరిగిందని తేలితే ఆ జీవుల చట్టంలో జరిమానాలే కాదు, జైలు కూడా రాసుంది, దానికి బాధ్యుల్లో కాంట్రాక్టర్‌తో పాటు మీరూ ఉంటారు.

ఇదికాక రాష్ట్రం వైపు నించి ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ డిపార్ట్‌మెంట్ వాళ్ల 1602 అగ్రిమెంట్ (ఏటినీ ఒడ్డునీ మార్చే పనులకి చేసుకునే ఒప్పందం), వాటర్ బోర్డు సర్టిఫికెట్ ఉంటాయి. అక్కడ ఇంకో రెండు సంగతులు చూసుకోండి. మీ ఒడ్డు నిటారుగా కోసుకుపోయి ఉంటే ఆ మట్టి గోడలో బొక్కలున్నాయేమో చూడండి, బ్యాంక్ స్వాలో అనే చిన్న పిట్ట అలాంటి కోత గోడల్లోనే గూడు పెడుతుంది, రాష్ట్రం దాన్నీ లిస్టులో పెట్టింది. ఎల్డర్‌బెర్రీ పొదలుంటే వాటి కాడల్లో బతికే ఒక పురుగు ఫెడరల్ లిస్టులో ఉంది, ఆ పొద పీకేశారంటే ఇంకో తలనొప్పి.

ముందు ఏం చెయ్యాలంటే, ఏ డ్రాయింగూ గీయించకముందే కోర్ జిల్లా ఆఫీసుకి ఫోన్ చేసి ప్రీ-అప్లికేషన్ మీటింగ్ అడగండి. ఒడ్డు ఫోటోలు, పోయిన చెట్లెన్ని, ఎన్ని అడుగులు పోయింది, పాత ఎయిర్ ఫోటోలు దొరికితే అవి, అన్నీ పట్టుకెళ్లండి. డిజైన్ ఇంకా మెత్తగా ఉండగానే చేపల ఆఫీసువాళ్లతో మాట్లాడిన పనులు నా అనుభవంలో తొందరగా తేలాయి, డ్రాయింగ్ గట్టిపడ్డాక వెళ్లినవే ఏళ్లు సాగాయి. అడుగున పునాదిలా రాయి, దాని పైన మట్టి బెంచీ (చదునైన మెట్టు), అందులో విల్లో కొమ్మలు నాటడం, వేళ్లతో సహా పడిపోయిన చెట్టు మానుని ఒడ్డుకి కట్టి నీళ్లలో ఉంచడం, ఇలా వెళ్తే మీ ఒడ్డూ ఆగుతుంది, రివ్యూలో మాట్లాడుకోడానికి ఏదో ఒకటి ఉంటుంది. నీళ్లలో పడిన ఆ వాల్‌నట్ చెట్లని మాత్రం ఇప్పుడు బయటికి లాగేయకండి, పిల్ల చేపలకి అవే ఇల్లు.

ప్రశ్న: మాది విజయవాడ కృష్ణలంక. ఫోల్సమ్‌లో మా అమ్మాయి దగ్గరకి వచ్చాను. 2024 సెప్టెంబర్ వరదలో రిటైనింగ్ వాల్ ఉండబట్టి మా వీధి మిగిలింది. ఇక్కడేమో కట్టకి రాళ్లు వెయ్యడానికి చేపల కోసం ఏళ్ల తరబడి కాగితాలు రాస్తారట. మనిషికన్నా చేప ఎక్కువైపోయిందా బాబూ? - ఒక అమ్మ, ఫోల్సమ్

అమ్మా, ఆ వరదలో ప్రకాశం బ్యారేజి నించి 11 లక్షల క్యూసెక్కుల పైన నీళ్లు వదిలిన రోజు మీరు గోడకి ఇవతల ఉన్నారు, మీ ప్రశ్నకి నేను తేలిగ్గా జవాబు చెప్పకూడదు, అందుకే కొంచెం పెద్దగా రాస్తున్నా.

మీకు పులస తెలుసు కదా. గోదావరికి ఎర్రనీరు రాగానే సముద్రం వదిలి ఏటికి ఎదురీదుకుంటూ వస్తుంది, పుస్తెలమ్ముకునైనా పులస తినాలి అని మనవాళ్లు అన్నది ఆ ప్రయాణంలో వచ్చిన రుచి వల్లే. ఈ చినూక్ శామన్ కూడా అదే జాతకం, సముద్రంలో పెరిగి గుడ్లు పెట్టడానికి పుట్టిన ఏటికే వస్తుంది, తేడా ఏంటంటే ఇది జన్మలో ఒక్కసారే గుడ్లు పెట్టి అక్కడే చచ్చిపోతుంది. వింటర్-రన్ అనేది చలికాలంలో ఏరెక్కి ఎండాకాలంలో గుడ్లు పెడుతుంది. ఎండాకాలంలో గుడ్డు బతకాలంటే నీళ్లు చల్లగా ఉండాలి, అలాంటి చల్లటి ఊటల వాగులు పైన మెక్లౌడ్, పిట్ నదుల్లో ఉండేవి, 1945లో పూర్తయిన శాస్తా డ్యామ్ కట్టడంతో ఆ దారి మూసుకుపోయింది. ధవళేశ్వరం దగ్గర బ్యారేజి పులసకి అడ్డం నిలబడ్డట్టే. ఇప్పుడు అవి డ్యామ్ కింద, డ్యామ్ అడుగు నించి వదిలిన చల్లనీళ్ల మీద ఆధారపడి గుడ్లు పెడుతున్నాయి. 1969లో లక్ష పైన వచ్చిన చేప 1990ల మొదట్లో ఒక ఏడాది 200 కూడా రాలేదు. 1994లో దాన్ని అంతరించే ప్రమాదంలో ఉన్నవాటిలో చేర్చారు.

ఇంక ఒడ్డు సంగతి. ఆ గుడ్లలోంచి వచ్చిన పిల్ల సముద్రం చేరాలంటే వందల మైళ్లు పోవాలి, అది నది నడిమధ్యలో పోదమ్మా, అంచు పట్టుకుని పోతుంది. ఒకసారి పొద్దున్నే ఒక సైట్ దగ్గర మోకాలి లోతులో నిలబడి ఉన్నా, నీళ్లలోకి వాలిపోయిన విల్లో చెట్టు వేళ్ల సందులో వేలెడు పిల్లలు పది పన్నెండు, పక్కల మీద నిలువు మచ్చలు, అన్నీ ఏటికి ఎదురు తిరిగి ఒకేచోట తోక ఆడిస్తూ నిలబడ్డాయి, పైనించి ఆకు మీది పురుగు నీళ్లలో పడ్డప్పుడల్లా ఒకటి చటుక్కున వెళ్లి అందుకుని మళ్లీ దాని చోటుకి వచ్చేస్తోంది. అక్కడికి నాలుగు అడుగుల అవతల ఒడ్డుకి పరిచిన పాత రాళ్ల వరస (రివెట్‌మెంట్) మొదలవుతుంది, అక్కడ ఒక్క పిల్ల లేదు. నీడ లేదు, నీళ్లు వడిగా లోతుగా పోతున్నాయి, పైగా రాళ్ల సందుల్లో పిల్లల్ని మింగే బాస్ చేపలు కాచుకుని ఉంటాయి. ఒక ఒడ్డుకి రాయి వేస్తే పోయేదేం లేదు అనిపిస్తుంది, కానీ ఇక్కడ 1960లో మొదలైన ఒడ్డు రక్షణ ప్రాజెక్టు కింద మైళ్లకి మైళ్లు రాయి వేసుకుంటూ వచ్చారు, ఆ పిల్లకి ఆగి ఊపిరి తీసుకునే చోట్లు ఒక్కొక్కటీ తగ్గిపోతూ వచ్చాయి.

అసలు కట్టలు ఇంత ఇరుగ్గా నది మీదకి ఎందుకున్నాయో తెలుసా? బంగారం కోసం కొండల్ని నీళ్ల పైపులతో కడిగేసిన రోజుల్లో ఆ మట్టి అంతా నదుల్లో మేట వేసింది, 1884లో కోర్టు దాన్ని ఆపింది. అడుగున పేరుకున్న మట్టిని నీటి వడే కడిగేస్తుందని కట్టల్ని దగ్గర దగ్గరగా కట్టారు. మేట పోయింది, వడి మిగిలింది, ఇప్పుడా వడే కట్టని తింటోంది. ఊరి భయమూ చేప కష్టమూ రెండూ అక్కడినించే వచ్చాయి, అందుకే రెండిటికీ మందు కూడా కలిపి వెతకాల్సొస్తోంది.

మీ అమ్మాయి ఇంటి దగ్గర అమెరికన్ నది ఉంది కదా, ఫోల్సమ్ డ్యామ్ నించి 1,60,000 క్యూసెక్కులు వదిలినా కింద శాక్రమెంటో ఊరు మునక్కుండా ఒడ్లు గట్టి చేసే పని నడుస్తోంది. చేపల రివ్యూ ఆ పనిని ఆపలేదు, ఎక్కడ బెంచీ పెట్టాలి, ఎక్కడ చెట్లు నాటాలి, ఏ నెలల్లో నీళ్లలో దిగాలి అని మార్చింది. ఆపిన సందర్భమూ ఉంది, 1978లో టెన్నెసీలో టెలికో డ్యామ్‌ని స్నెయిల్ డార్టర్ అనే వేలెడు చేప కోసం సుప్రీంకోర్టు ఆపింది, మరుసటేడు కాంగ్రెస్ ఆ డ్యామ్‌కి మినహాయింపిచ్చి కట్టించేసింది. నేను చూసిన ఒడ్డు పనుల్లో మాత్రం ఊరిని వరదకి వదిలేసి చేపని కాపాడిన పని ఒక్కటీ లేదు. వెస్ట్ శాక్రమెంటోలో సౌత్‌పోర్ట్ దగ్గర కట్టనే వెనక్కి జరిపి నదికి చోటిచ్చారు, అది ఊరికీ మంచిదే. వరద నీళ్లు మళ్లించే యోలో బైపాస్‌లో పంట కోశాక వరి మళ్లలో చలికాలం నీళ్లు పెట్టి శామన్ పిల్లల్ని వదిలి చూస్తే, నదిలో పిల్లలకన్నా బాగా బలిసి పెరిగాయి. మన వరి చేలో కొర్రమీను పిల్లలు పెరిగినట్టే.

నవంబర్ దాకా ఉంటే మీ అమ్మాయిని నింబస్ హేచరీకి (చేప పిల్లల్ని పెంచే చోటు) తీసుకెళ్లమనండి. అక్కడికొచ్చేవి ఫాల్-రన్, అవి లిస్టులో లేవు, కానీ ఒంటిమీద చర్మం తెల్లగా ఊడిపోయి కూడా చేపల కోసం కట్టిన నీటి మెట్లు ఎగిరెక్కే చేపని ఒక్కసారి చూడండి, ఆ తర్వాత మళ్లీ నాకు ఉత్తరం రాయండి.

ప్రశ్న: ఎమ్మెస్ అయ్యాక ఒక కన్సల్టింగ్ కంపెనీలో చేరి ఏడాదైంది. శాక్రమెంటో నది మీద ఒక ఒడ్డు పనికి బయొలాజికల్ అసెస్‌మెంట్ (పని వల్ల లిస్టులో ఉన్న జీవులకి ఏమవుతుందో చెప్పే రిపోర్టు) రాయమన్నారు. పని ఎండాకాలంలో చేస్తాం, అప్పుడు అక్కడ చేపలుండవు కాబట్టి "నో ఎఫెక్ట్" అని రాసెయ్ అంటున్నారు మా మేనేజర్. రాసేయనా? - ఒక పాఠకురాలు, రోజ్‌విల్

రాయకమ్మా. నీ మేనేజర్ చూస్తోంది పని జరిగే నెలలని, నువ్వు చూడాల్సింది ఆ రాయి ఉండే ఏళ్లని. నో ఎఫెక్ట్ అంటే సున్నా, మంచిగా గానీ చెడుగా గానీ ఏమీ జరగదని. ఎండాకాలంలో వేసిన రాయి చలికాలంలో పిల్ల వచ్చినప్పుడు కూడా అక్కడే ఉంటుంది, కొట్టేసిన చెట్టు నీడ అప్పటికి తిరిగి రాదు. పైగా ఆ నదిని వింటర్-రన్‌కి క్రిటికల్ హాబిటాట్‌గా (బతకడానికి తప్పనిసరైన చోటుగా) 1993లోనే గుర్తించారు, చేప కంటికి కనపడకపోయినా హాబిటాట్ అక్కడే ఉంది.

మిగిలినవి రెండు. హాని జరిగే అవకాశం లేదు అనిపిస్తే ఆ మాట రాసి ఇన్ఫార్మల్ కన్సల్టేషన్‌కి (కోర్, చేపల ఆఫీసు మాట్లాడుకోడం) వెళ్లొచ్చు, సర్వీస్, అంటే ఆ చేపల ఆఫీసు, ఒప్పుకుంటే లెటర్‌తో అయిపోతుంది. హాని ఉంటుందనిపిస్తే ఫార్మల్, దానికి 90 రోజుల కన్సల్టేషన్, 45 రోజుల్లో బయొలాజికల్ ఒపీనియన్ (సర్వీస్ రాసిచ్చే అభిప్రాయం), మొత్తం 135 రోజులు. శామన్, స్టీల్‌హెడ్, స్టర్జన్ అయితే నేషనల్ మెరైన్ ఫిషరీస్ సర్వీస్, కిందికెళ్లి డెల్టా స్మెల్ట్ వస్తే ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీస్, నీ సైట్ కింది వైపుంటే ఇద్దరికీ పంపాలి.

ఆ 135 రోజుల గురించి నా తప్పొకటి చెప్తా, నీకు పనికొస్తుంది. నా మొదటి ప్రాజెక్టులో ప్యాకేజీ పంపిన రోజు నించి లెక్క పెట్టుకుని కాంట్రాక్టర్‌కి జులై డేట్ ఇచ్చేశా. నెల తర్వాత జవాబొచ్చింది, సమాచారం పూర్తిగా లేదు, గడియారం ఇంకా మొదలవలేదు అని. నీళ్ల మీద పడే నీడ ఎన్ని అడుగులు పోతుందో నేను కొలవలేదు, చెట్లు "కొన్ని" అని రాశా. ఆ కొలతలు తెచ్చేసరికి నీళ్లలో పని చెయ్యనిచ్చే నెలలు, ఆ చోట జులై నించి అక్టోబర్, అయిపోయాయి. ఆ ఒడ్డు ఇంకో చలికాలం అలాగే కోసుకుపోయింది, ఒక కుటుంబం వాళ్ల ప్రహరీ పోయింది. ఇప్పటికీ ఆ ప్రహరీ నాకు గుర్తొస్తుంది.

కాబట్టి సైట్‌కి నువ్వే వెళ్లు. టేపు పట్టుకుని నీడ పొడవు కొలువు, ప్రతి చెట్టుకీ ఛాతీ ఎత్తులో లావు రాసుకో, నీళ్లలో పడున్న మాన్లు లెక్కపెట్టు, ఒడ్డు వాలు ఎంతుందో, రాయి పరిచాక ఎంతవుతుందో రాయి. బురద ఎంత దూరం పోతుందో అంతదాకా నీ యాక్షన్ ఏరియా (రిపోర్టులో చూడాల్సిన పరిధి) వస్తుంది, రాళ్లు వేసిన చోటు ఒక్కటే కాదు. మేనేజర్ ఒప్పుకోకపోతే కోర్ ప్రాజెక్ట్ మేనేజర్‌ని డ్రాఫ్ట్ చూడమని అడుగుదామని చెప్పు. సర్వీస్ వెనక్కి పంపితే పోయే టైమ్‌తో పోల్చుకుంటే ఆ వారం రోజులు ఎక్కువేం కాదు.

ప్రశ్న: తుఫాను రాత్రి కట్ట నిజంగా తెగుతుంటే కూడా 135 రోజులు ఆగాలా? - ఒక పాఠకుడు, నాటోమస్

ఆగక్కర్లేదండీ. ప్రాణం ఆస్తి ప్రమాదంలో ఉన్నప్పుడు ఎమర్జెన్సీ పద్ధతి ఉంది, ముందు పని, ఫోన్ మీదే సర్వీస్‌కి చెప్తారు, వాళ్లు హాని తగ్గించే సలహాలిస్తారు, ఫార్మల్ కాగితం తర్వాత. 2017 ఫిబ్రవరిలో ఓరోవిల్ స్పిల్‌వే గండిపడి లక్షా ఎనభై వేల మందికి పైగా ఇళ్లు వదిలినప్పుడు ఎవరూ కాగితాల కోసం కూర్చోలేదు. కాకపోతే ఎమర్జెన్సీ అంటే కూలబోతున్నది, మూడేళ్లుగా కోసుకుపోతూ ఉన్నది కాదు. కట్ట మీద సొంతంగా ఏదీ వెయ్యకండి, మీ రిక్లమేషన్ డిస్ట్రిక్ట్ (కట్టలు చూసుకునే స్థానిక సంస్థ) వాళ్ల పెట్రోలింగ్ నంబర్ ఫ్రిజ్ మీద అంటించుకోండి. నీళ్లు కట్ట ఇవతల పాదం దగ్గర బురదగా ఉబుకుతుంటే అది అడుగున మట్టి కొట్టుకుపోతున్న గుర్తు, వెంటనే ఫోన్ చెయ్యండి.

ప్రశ్న: మేం రోజూ వాకింగ్ చేసే అమెరికన్ రివర్ ఒడ్డు మీద పెద్ద పెద్ద చెట్లు కొట్టేసి రాళ్లు వేస్తారట. చేపలకి చెట్లు కావాలంటూనే చెట్లెందుకు కొడతారు? మాలాంటివాళ్లు చెప్తే వింటారా? - ఇద్దరు పాఠకులు, ర్యాంచో కొర్డోవా

మీ కోపం న్యాయమైనదే. నింబస్ డ్యామ్ కింద ఈ 23 మైళ్లు 1981 నించి ఫెడరల్ వైల్డ్ అండ్ సీనిక్ నది (సహజంగా ఉంచాలని చట్టం కాపాడే నది), అక్కడ ఒక్కో వాలీ ఓక్ పోతే మన జీవితకాలంలో అలాంటిది మళ్లీ రాదు. కానీ ఇంజినీర్లకీ ఒక భయం ఉంది, పెద్ద చెట్టు వరదలో వేళ్లతో లేచిపోతే కట్టలో ఆ మేర గొయ్యి పడుతుంది. కత్రినా తుఫాను తర్వాత 2009లో కోర్ కట్టకి 15 అడుగుల లోపల చెట్లే ఉండకూడదని గైడ్‌లైన్ పెట్టింది, కాలిఫోర్నియా గట్టిగా ఎదురు చెప్పింది, ఇక్కడ మిగిలిన ఏటి ఒడ్డు అడవంతా ఆ కట్టల మీదే ఉందని. తర్వాత ఆ పట్టు సడలింది. నా మాటకొస్తే, కోత నిజంగా కట్ట పాదం దాకా వచ్చిన చోట రాయి వెయ్యాల్సిందే, రానిచోట ముందుజాగ్రత్త పేరుతో చెట్లు కొట్టడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు, ఏ చోటు ఏది అనేదాని మీదే వాదించాలి.

వినడం గురించి అడిగారు. చేపల కన్సల్టేషన్ ఆఫీసుల మధ్య జరుగుతుంది, దానికి ప్రజల కామెంట్ ఉండదు, అది చాలామందికి తెలీక అక్కడ రాసి నిరాశపడతారు. మీరు రాయాల్సింది రాష్ట్ర పర్యావరణ చట్టం కింద వచ్చే డ్రాఫ్ట్ రిపోర్టు మీద, దానికి సాధారణంగా 45 రోజులు టైమ్ ఇస్తారు, వచ్చిన పర్యావరణ అభ్యంతరాలకి ఫైనల్ రిపోర్టులో జవాబు రాయాలి, అదే మీ బలం. "చెట్లు కొట్టొద్దు" అని వెయ్యి మంది రాస్తే అన్నిటికీ కలిపి ఒకటే జవాబు వస్తుంది. అదే, ఫలానా రివర్ మైల్ దగ్గర ఈ ఓక్ చెట్టు నీటి అంచు నించి ఇన్ని అడుగులుంది, మీ మ్యాప్‌లో కోత గీత ఇక్కడిదాకా రాలేదు, మరి ఈ చెట్టు ఎందుకు పోవాలి, పోతే దీని నీడకి బదులు ఎక్కడ ఎన్నేళ్లలో ఇస్తారు అని అడిగితే దానికి విడిగా జవాబు చెప్పాల్సొస్తుంది. రేపు వాకింగ్‌కి వెళ్లేటప్పుడు ఒక టేపు, ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసిన కెమెరా పట్టుకెళ్లండి, చెట్టు పక్కన ఒకరు నిలబడి ఇంకొకరు ఫోటో తియ్యండి, ఎంత లావో తెలుస్తుంది. నీళ్లు తగ్గినప్పుడు ఒకటి, పెరిగినప్పుడు ఒకటి తీసి తేదీలతో పెట్టుకోండి. డ్రాఫ్ట్ వచ్చాక నాకూ ఒక కాపీ పంపండి, చేపల చాప్టర్ నేను చదివి పెడతా.